మగ్గం తుక్కు – ఏరే, జల్లించే, చీల్చే కొత్త యంత్రములు

మగ్గము నడిచే ఇంట తుక్కు లేకుండా ఉండదు. పడుగు పోసేటప్పుడు కొంత, కండెలు చుట్టేటప్పుడు రాట్నము దగ్గర కొంత, నాడెలోని కండెకు చివర మిగిలిన పేక కొంత, అచ్చు వెనుక నిలిచిపోయిన పడుగు కొసలు కొంత, బట్ట కోసినప్పుడు ముక్కలు కొంత – ఇవన్నీ సాయంత్రానికి చీపురు కిందికి చేరుతాయి. వాటిని ఒక గోనెలో కుక్కి, నెలకో రెండు నెలలకో తుక్కు కొనేవారికి తూచి ఇచ్చివేయడము మనకు అలవాటు. అతడు చెప్పినదే ధర. ఆ గోనె తరువాత ఎక్కడికి పోతున్నదో, ఏమవుతున్నదో విచారించినవారు మనలో తక్కువ.

ఇప్పుడు విచారించవలసిన కాలము వచ్చినది. తుక్కును ఏరడానికి, జల్లించడానికి, చీల్చి తిరిగి పీచు చేయడానికి కొత్త యంత్రములు బయలుదేరినవి. ఐరోపా సమాఖ్య దేశాలలో 2025 జనవరి 1 నుండి పాత బట్టను తక్కిన చెత్తతో కలపక వేరుగా సేకరించవలెనని నియమము అమలులోకి వచ్చినది. మన దేశములో ఏటా తేలే బట్ట, నూలు తుక్కు సుమారు 78 లక్షల టన్నులని 2022లో వెలువడిన ఒక అంచనా తెలిపినది. అందులో ఐదింట రెండు వంతులకు పైగా బట్ట ఒంటి మీదికి చేరకముందే, అనగా మిల్లులలో, మగ్గాల మీద, కుట్టుపని శాలలలో తేలేదే. అందులో మన గోనె కూడ ఉన్నది.

యంత్రములు ఎట్లా పనిచేస్తాయి? అవి చేయగలిగినదేమిటి, చేయలేనిదేమిటి? మన సంఘములు వాటిని కొనవచ్చునా? ఈ మూడు ప్రశ్నలకు షోలాపురం, భివండి, ఇచల్‌కరంజి, సేలం, కంచి, దొడ్డబళ్ళాపురం, బరంపురం, యానాం మొదలగు చోట్ల నున్న మన నేత కుటుంబములకు ఉపయోగపడేలా సమాధానము చెప్పడమే ఈ వ్యాసము ఉద్దేశము.

పాత విద్యకు కొత్త రూపము

బట్టను చీల్చి తిరిగి నూలు వడకడము నేటి విద్య కాదు. ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో, బాట్లీ అనే ఊర, బెంజమిన్ లా అనే ఆయన 1813లో పాత ఉన్ని పేలికలను చీల్చి, కొత్త ఉన్నితో కలిపి వడికి బట్ట నేయించినాడు. ఆ బట్టకే 'షాడీ' అని పేరు. పేలికలను చీల్చే ఇనుప మేకుల డోలును అక్కడి పనివారు 'సైతాను' అని పిలిచేవారు. దాని నుండి లేచే దుమ్ము 'సైతాను దుమ్ము'. ఆ దుమ్ము పీల్చినవారికి వచ్చే జబ్బుకు 'షాడీ జ్వరము' అని వైద్యులే పేరు పెట్టినారు.

ఈ షాడీ అనే మాట తరువాత ఇంగ్లీషులో 'నాసిరకము' అనే అర్థములో స్థిరపడినది. 1861 నుండి 1865 వరకు అమెరికాలో జరిగిన అంతర్యుద్ధములో సిపాయిలకు ఇటువంటి బట్టతో కుట్టిన దుస్తులు కొద్దికాలానికే చిరిగిపోయినవి. చీల్చిన పీచు బట్ట చెడ్డదని కాదు. దానిని కొత్త ఉన్ని బట్ట అని అమ్మడము చెడ్డది. సరకుకు చెడ్డపేరు పనితనము వల్లనే గాక, అబద్ధము వల్ల కూడ వస్తుంది. ఈ సంగతి మనము ముందుముందు జ్ఞాపకము పెట్టుకొనవలసి ఉన్నది.

మన దేశములో ఈ పనికి పేరొందిన ఊరు హర్యానాలోని పానిపట్టు. 1947 దేశవిభజన తరువాత అవతలి నుండి వచ్చిన నేతగాండ్రు అక్కడ స్థిరపడినారు. విదేశాల నుండి వచ్చే పాత ఉన్ని దుస్తులను రంగులవారీగా ఏరి, గుండీలు, జిప్పులు కోసివేసి, చీల్చి, వడికి, కంబళ్ళు నేయడము అక్కడ పెద్ద వృత్తి అయినది. ఆడవారు మన కత్తిపీట వంటి నిలువు కత్తి ముందు కూర్చుండి ఆ దుస్తులను విప్పుతారు. అయితే గత పది పదిహేనేళ్ళలో పాలియస్టర్ కంబళ్ళు వచ్చి ఉన్ని షాడీ కంబళిని చాలవరకు వెనుకకు నెట్టినవి. పానిపట్టు చాలవరకు నూలు తుక్కు వైపు తిరిగినది. తమిళనాడులో తిరుప్పూరు బనియను కత్తిరింపులు పల్లడం, వెళ్ళకోయిల్ ప్రాంతపు మిల్లులకు పోయి తిరిగి నూలై వస్తున్నవి. కనుక మన గోనెకు గిరాకీ ఉన్నది, పెరుగుతున్నది కూడ.

మెత్తని తుక్కు, గట్టి తుక్కు

మిల్లువారు తుక్కును రెండుగా విభజిస్తారు. వడకక ముందు రాలినది మెత్తని తుక్కు. వడికి నూలైన తరువాత మిగిలినది గట్టి తుక్కు. మెత్తని తుక్కులో పీచు ఇంకా మెలి పడలేదు గనుక, కొద్దిగా విప్పితే చాలు, మరల పనికి వస్తుంది. గట్టి తుక్కు మెలి పడినది, ముడులు పడినది, గంజి పట్టినది, దానిని చీల్చవలసినదే.

మగ్గము దగ్గర దొరికేదంతా గట్టి తుక్కే. అందులోనూ తేడాలున్నవి. కండె చివర పేక నూలు గంజి లేనిది, సులభముగా విడుతుంది. పడుగు కొసలకు గంజి ఉన్నది. అది డోలు మేకుల మీద విడిపోక పెళుసుగా తెగి దుమ్మవుతుంది. రెండు పోగులు పేనిన నూలు, ఎక్కువ మెలి వేసిన నూలు ఇంకా మొండివి. ఈ మూడింటిని ఒకే గోనెలో వేసినప్పుడు, కొనేవాడు మంచిదానికి కూడ మొండిదాని ధరే కడతాడు. అది వాని తప్పు కాదు; కలిపినది మనము.

ఏరే యంత్రము

కొత్త యంత్రములలో ఎక్కువ ఆశ్చర్యము గొల్పేది ఏరే యంత్రము. కంటికి కనబడని ఒక విధమైన వెలుతురును, అనగా ఎరుపుకు అవతలి కిరణములను, బట్ట మీద వేస్తారు. నూలు ఆ వెలుతురులో కొంత భాగాన్ని పీల్చుకొని కొంత తిప్పి పంపుతుంది. పాలియస్టర్ మరొక భాగాన్ని పీల్చుకొంటుంది. ఉన్ని, పట్టు, అక్రిలిక్ ఒక్కొక్కటి ఒక్కొక్క తీరు. తిరిగి వచ్చిన వెలుతురును యంత్రము తన దగ్గర నున్న నమూనాలతో పోల్చి 'ఇది నూలు, ఇది పాలియస్టర్' అని క్షణములో నిర్ణయిస్తుంది. కదిలే పట్టా మీద బట్టముక్క పోతూ ఉండగానే, సరియైన తొట్టి ఎదుటికి రాగానే గాలి ఊది అందులోకి నెట్టివేస్తుంది. రంగును కూడ వేరే కెమెరాతో చూచి ఏరగలదు.

స్వీడన్ దేశములో మాల్మో నగరాన 2020లో ఇటువంటి పెద్ద కర్మాగారము మొదలైనది. గంటకు 4.5 టన్నుల వరకు, ఏడాదికి 24,000 టన్నుల వరకు ఏరగలిగేట్లు దానిని కట్టినారు. చేతిలో పట్టుకొని బట్ట మీద ఆనించి చూచే చిన్న పరికరములు కూడ బజారులోకి వచ్చినవి.

అయితే ఈ యంత్రపు కంటికి కూడ హద్దులున్నవి. అది పైపొరను మాత్రమే చదువుతుంది. లోపల వేరే బట్ట అతికి ఉంటే తెలుసుకొనలేదు. కొన్ని నలుపు రంగులు వెలుతురునంతా మింగివేయడము వల్ల వాటి మీద తడబడుతుంది. నూలులో సాగే పోగు నూటికి రెండు మూడు పాళ్ళే కలిస్తే పసిగట్టడము కష్టము. అన్నిటికన్న ముఖ్యమైనది – ముక్కను ముక్కగా ఏరగలదు గాని, చిక్కుపడిన పోగుల ముద్దలో నూలు పోగును, పాలియస్టర్ పోగును విడదీయలేదు. మన గోనెలో ఉండేది చాలవరకు ఆ ముద్దే.

కత్తిరించి జల్లించే యంత్రములు

ఏరిన తరువాత కత్తిరింపు. ఒకదాని తరువాత ఒకటి అడ్డముగా, నిలువుగా ఉన్న రెండు కత్తుల మధ్య నుండి సరకు పోయి, రెండు మూడు అంగుళాల ముక్కలై పడుతుంది. పొడుగు పోగులను అట్లే పంపితే డోలుకు చుట్టుకొని యంత్రము నిలిచిపోతుంది. అందుకే నూలు తుక్కును కూడ తప్పక కోస్తారు.

కోసిన ముక్కలు అయస్కాంతము మీదుగా పోతాయి. గుండుసూదులు, ఇనుప రేకులు అక్కడ అంటుకొంటాయి. ఇత్తడి, అల్యూమినియము అయస్కాంతానికి లొంగవు గనుక, లోహమును కనిపెట్టే వేరొక పరికరము దాని తరువాత ఉంటుంది. ఆ పిమ్మట జల్లెడ. రంధ్రముల డోలులో గాని, ఇనుప కమ్మీల మీద గాని ముక్కలు ఎగిరెగిరి పడుతూ ఉంటే, మట్టి, గంజి పొట్టు కిందికి రాలుతాయి. సన్నని దుమ్మును గాలి లాగి సంచులలో పట్టుతుంది. చేటలో బియ్యము చెరిగినట్లే: బరువైనది ఒక దిక్కుకు, తేలికైనది ఒక దిక్కుకు.

చీల్చే యంత్రము

అసలు పని ఇక్కడ. రెండు రోలర్లు సరకును గట్టిగా పట్టుకొని కొంచెము కొంచెముగా ముందుకు వదులుతాయి. ఎదుట వేగముగా తిరిగే డోలు మీద ఉక్కు మేకులు ఆ సరకును చీల్చి లాగుతాయి. ఒక్క డోలుతో పని తీరదు. మూడు నుండి ఆరు వరకు, అంతకు మించి కూడ, డోళ్ళు వరుసగా ఉంటాయి. మొదటి డోలు మేకులు లావుగా, ఎడముగా ఉంటే, చివరి డోలు మేకులు సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. డోలుకు, డోలుకు మధ్య జల్లెడ ఉండి దుమ్మును లాగివేస్తుంది. విడని ముక్కలు బరువుగా ఉండడము చేత విసరివేయబడి మరల మొదటికి పోతాయి. చివరకు వచ్చేది దూది వంటి పీచు.

బాట్లీ సైతానుకు, నేటి యంత్రానికి మూలసూత్రము ఒక్కటే. కొత్తగా వచ్చినవి ఏమనగా: సరకు రకాన్ని బట్టి డోలు వేగము, రోలరు ఎడము మార్చుకొనే వీలు, నిప్పురవ్వను కనిపెట్టి యంత్రాన్ని ఆపే పరికరము, దుమ్మును మూసిన గొట్టాలలో పట్టివేసే ఏర్పాటు. వీటి వల్ల పీచు మునుపటి కన్న తక్కువగా తెగుతున్నది. అయినా తెగక మానదు. కొత్త పత్తిలో అంగుళము, అంతకు పైగా ఉండే పీచు, చీల్చిన తరువాత చాలవరకు దానిలో సగానికి దిగిపోతుంది. యంత్రము ఎంత కొత్తదైనా ఈ నష్టము పూడ్చలేనిది.

పీచు మరల నూలగుట

పొట్టి పీచును రింగు రాటము మీద వడకడము కష్టము. ఈ చిక్కు తీర్చినది ఓపెన్ ఎండ్ పద్ధతి. వేగముగా తిరిగే చిన్న గిన్నెలో పీచు చేరి నూలై బయటికి వస్తుంది. చెకోస్లొవేకియాలో తయారైన బి.డి. 200 అనే యంత్రముతో 1967లో ఈ పద్ధతి వ్యాపారరంగములోకి వచ్చినది. చీల్చిన పీచుతో ఎక్కువగా 6 నుండి 20 నెంబరు లోపు దళసరి నూలు వడకుతారు. బలము కోసము కొత్త పత్తినో, పాలియస్టర్ పీచునో కొంత కలుపుతారు.

ఈ నూలు రింగు నూలంత గట్టిది కాదు. సన్న చీరె పడుగుకు పనికిరాదు. దుప్పట్లు, జంపఖానాలు, తుడుపు గుడ్డలు, చేతి తొడుగులు, పరదాల వంటి వాటికి, ముఖ్యముగా పేకకు, బాగుగా పనికివస్తుంది. ఇంకొక లాభమున్నది. తుక్కును రంగులవారీగా ఏరి చీల్చినప్పుడు, వచ్చే నూలుకు అదే రంగు ఉంటుంది. మరల అద్దకము అక్కరలేదు; నీరు, రంగు, కట్టె ఖర్చు కలిసివస్తుంది. నీలి గోనెకు, ఎరుపు గోనెకు, అన్ని రంగులు కలిసిన గోనెకు ధరలో తేడా ఉండడానికి కారణము ఇదే. అన్ని రంగులు కలిస్తే వచ్చేది బూడిద రంగు ఒక్కటే.

యంత్రము చేయలేని పని మన చేతిలో ఉన్నది

ఇంతవరకు చెప్పినదానిని బట్టి ఒక సంగతి తేలుతున్నది. యంత్రము చీల్చగలదు, జల్లించగలదు, ముక్కలను ఏరగలదు. ఒకసారి కలిసిపోయిన పోగులను మాత్రము విడదీయలేదు. అవి కలవకుండా చూడగలిగినది మగ్గము దగ్గర ఉన్న మనిషి ఒక్కరే. ఏ పోగు ఏ చిలప నుండి వచ్చినదో, ఏది 40 నెంబరో, ఏది 2/80 పేనినదో, ఏది పాలియస్టరో నేసేవారికి తెలిసినంతగా స్వీడన్ యంత్రానికి కూడ తెలియదు. అది కిరణములు వేసి కనుగొనవలసినదాన్ని మన ఇంటి పిల్ల చేతితో తాకి చెబుతుంది.

ఈ విద్య మనకు కొత్త కాదు. కంచిలో గాని, ఆరణిలో గాని, బరంపురంలో గాని పట్టుచీరె నేసే ఇంట అసలు జరీ ముక్కను ఎవరైనా ఊడ్చి పారవేస్తారా? దానిలో వెండి ఉన్నదని తెలుసు గనుక ఒక్కొక్క ముక్కను డబ్బాలో వేసి దాచుతారు. రాగి తీగె జరీని, పాలియస్టర్ రేకు జరీని దానితో కలపరు. జరీకి ఉన్న శ్రద్ధ నూలుకు లేకపోవడానికి కారణము నూలుకు విలువ లేకపోవడము కాదు. ఇంతకాలము ఆ విలువ మనకు అందకపోవడము.

రేకు జరీ గురించి ఒక హెచ్చరిక. అది నూలు తుక్కులో పడి డోలు కిందికి పోతే, మెరిసే నలుసులై గోనె గోనెంతటినీ పాడుచేస్తుంది. కిలో నూలును చెరపడానికి దోసెడు రేకు చాలును.

భివండి, ఇచల్‌కరంజి ప్రాంతాలలో రేపియర్ మగ్గములు నడిపేవారికి మరొక మాట. నాడె లేని ఈ మగ్గము ప్రతి పేకకు బట్ట అంచు అవతల కొస మిగిల్చి కోసివేస్తుంది. ఆ కొసలను పట్టి ఉంచడానికి వేరే పోగులు వేస్తారు. రోజంతా ఈ దొంగ అంచు తాడువలె దిగుతూనే ఉంటుంది. బట్టేమో నూలు, పట్టు పోగులు మాత్రము గట్టిగా ఉంటాయని పాలియస్టర్ వేస్తారు. దానితో ఆ తుక్కంతా మిశ్రమమైపోతున్నది. నూలు బట్ట నేసేటప్పుడు పట్టు పోగులు కూడ గట్టి నూలువే వేస్తే, ఆ తుక్కు అచ్చమైన నూలు తుక్కు అవుతుంది. ఏ యంత్రమూ కొననక్కరలేదు. నాలుగైదు కండెలు మార్చితే చాలును.

అనుమానమైతే నిప్పు సాక్షి

ఏ పోగో తెలియనప్పుడు పాత పరీక్షే మేలు. నూలుపోగు కాల్చితే కాగితము కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద అవుతుంది. పట్టు, ఉన్ని కాల్చితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. నల్లని బూడిద వేళ్ళ మధ్య నలుగుతుంది. పాలియస్టర్ కరిగి, చల్లారిన తరువాత గట్టి పూస అవుతుంది, నలగదు. బూడిదలో అక్కడక్కడ పూసలు తగిలితే అది మిశ్రమము. రేయాను మాత్రము నూలువలెనే కాలుతుంది గనుక ఈ పరీక్షలో దొరకదు. చిలప కొన్న చీటీ చూడవలెను. పరీక్ష ఎప్పుడూ ఆరుబయట, తుక్కు కుప్పకు దూరముగా, పక్కన నీళ్ళ చెంబు పెట్టుకొని చేయవలెను.

సంఘము యంత్రము కొనవచ్చునా?

ఈ యంత్రముల సంగతి విన్న సంఘములలో 'మనమూ ఒకటి కొందాము' అనే ఉత్సాహము కలగడము సహజము. కొనక ముందు ఒక లెక్క వేయవలెను. మగ్గానికి నెలకు ఒక కిలో తుక్కు తేలుతుందనుకొందాము. 200 మగ్గములున్న సంఘానికి నెలకు 200 కిలోలు. చీల్చే యంత్రము చిన్నదైనా గంటకు 200 కిలోలు నడుపుతుందనుకొందాము. మన సంఘపు నెల పంట దానికి ఒక గంట మేత! తక్కిన రోజులన్నీ అది తుప్పు పట్టవలసినదే. అప్పుకు వడ్డీ మాత్రము నిద్రపోదు. మీ సంఘపు మగ్గముల సంఖ్యను, నెల తుక్కును వేసి ఈ లెక్క మీరే చూచుకొనవచ్చును.

పెద్ద పెట్టుబడి పెట్టినవారికే ఈ రంగములో దెబ్బలు తగిలినవి. నూలు బట్టను రసాయనములతో కరిగించి గుజ్జు చేసే పెద్ద కర్మాగారాన్ని స్వీడన్‌లో సుండ్స్‌వాల్ వద్ద రెన్యూసెల్ అనే కంపెనీ 2022లో తెరిచినది. గుజ్జు తయారైనది గాని, కొనేవారు తగినంతగా రాలేదు. 2024 ఫిబ్రవరిలో ఆ కంపెనీ దివాలా ప్రకటించినది. తరువాత వేరే యాజమాన్యము చేతికి పోయినది. కొనేవాడు లేని యంత్రము ఎంత గొప్పదైనా భారమే.

కనుక సంఘము కొనదగినవి వేరే ఉన్నవి: వెలుతురు బాగా పడేచోట ఒక పొడుగు బల్ల, దాని మీద ఇనుప జల్లెడ, చేతిలో పట్టుకొనే అయస్కాంతము, నమ్మదగిన కాటా, తడి తగలని కొట్టు, నెలకు టన్నులు తేలే ఊరైతే బేళ్ళు కట్టే చేతి ప్రెస్సు. ఈ ప్రెస్సు వల్ల లారీలో ఎక్కువ బరువు పట్టి కిరాయి కలిసివస్తుంది. ఒక ఊరిలోని నాలుగైదు సంఘములు కలిసి ఒక కొట్టు పెట్టుకొంటే, నేరుగా మిల్లుతో బేరమాడగలిగినంత సరకు చేరుతుంది. ఏరడము మన దగ్గర, చీల్చడము మిల్లు దగ్గర – ఇదే లాభసాటి పంపకము.

అట్లా కాక, ఏరకుండానే అమ్ముతూ పోతే ఏమవుతుంది? ఏరే పని ఆగదు. మరొక ఊరి గిడ్డంగిలో, మరొకరి కింద, కూలికి కూర్చున్న ఆడవారు ఆ పని చేస్తారు. ఏరినందువల్ల పెరిగిన ధర గిడ్డంగి యజమానికి పోతుంది. మన ఇంటి పోగులను మనకంటే బాగా ఎరుగనివారు ఏరి, మనకు రావలసిన దానిని తీసుకొంటున్నారన్న మాట.

దుమ్ము, నిప్పు

తుక్కు పనిలో రెండు ప్రమాదములున్నవి. మొదటిది దుమ్ము. నూలు దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చినవారికి బిస్సినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. సెలవు దినము గడిచి పనికి వచ్చిన మొదటి రోజున రొమ్ము పట్టేసినట్లుండి ఆయాసము రావడము దాని తొలి గుర్తు. వారము గడిచేకొద్దీ తగ్గినట్లు తోస్తుంది గనుక చాలామంది లెక్కచేయరు. లెక్కచేయవలెను. ఏరే బల్ల ఇంటిలో వంటగది పక్కన, పసిపిల్లలు పడుకొనేచోట పెట్టకూడదు. కిటికీలు తెరిచి, ముక్కుకు దుమ్ము ఆపే మాస్కు కట్టుకొని పనిచేయవలెను. పొడి చీపురుతో ఊడ్చడము, గాలి పంపుతో దుమ్ము ఎగరగొట్టడము మాని, తడిగుడ్డతో తుడవవలెను. రొమ్ము పట్టేసే గుర్తు కనబడినవారిని డాక్టరుకు చూపి, వేరే పనికి మార్చవలెను.

రెండవది నిప్పు. తుక్కులో ఒక మేకు దాగి డోలుకు తగిలినదా, రవ్వ లేచి దూది అంటుకొంటుంది. దూది నిప్పు మంట పైకి కనబడకుండా బేలు లోపల గంటల తరబడి రాజుకొంటుంది. ఆరిపోయినదనుకొని నిద్రపోయిన తరువాత లేస్తుంది. నూనె అంటిన తుక్కును వేరే డబ్బాలో వేసి ఏ రోజుకారోజు బయటికి పంపవలెను. కొట్టులో బీడీ, దీపము, అతుకుల వైర్లు పనికిరావు.

చీల్చే యంత్రము దగ్గర పనిచేసేవారికి చేతుల ప్రమాదము కూడ ఉన్నది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 27వ సెక్షను, దూది నొక్కే కర్మాగారంలో దూది విప్పే యంత్రము నడిచే భాగములో స్త్రీలను, పిల్లలను పనికి పెట్టరాదని శాసించినది. పేలికలు చీల్చే డోలు దానికి అన్నవంటిది. మన పిల్లలు పనికి పోయే మిల్లులలో డోలుకు మూత ఉన్నదా, రోలర్లకు అడ్డు ఉన్నదా అని పెద్దలు అడిగి తెలుసుకొనడము మంచిది.

ఈ నెల నుండి చేయదగినది

ప్రతి మగ్గము దగ్గర ఒక గోనెకు బదులు కొన్ని సంచులు వేలాడదీయండి. ఒకటి గంజి లేని తెల్ల నూలుకు, ఒకటి రంగు నూలుకు, వీలైతే రంగుకు ఒకటి, ఒకటి గంజి పట్టిన పడుగు కొసలకు, ఒకటి పాలియస్టర్, రేయాను, మిశ్రమములకు, ఒకటి బట్టముక్కలకు. పట్టు, జరీ మామూలు ప్రకారము విడిగా. నేల మీద పడినది ఊడ్చిన తరువాత ఏరడము కష్టము. చేతి నుండి సంచిలోకి పోయినది ఏరినట్లే లెక్క. నేసేవారికి ఒక్క క్షణము పని. తరువాత ఏరేవారికి ఒక పూట పని.

సంఘము కార్యదర్శులు ఒక పుస్తకము పెట్టి, ఎవరి ఇంటి నుండి ఏ రకము ఎంత బరువు వచ్చినదో రాయించవలెను. సొమ్ము రకాన్ని బట్టి, బరువును బట్టి పంచవలెను. ఏరే ఆడవారి కూలిని ముందే నిర్ణయించి, అమ్మకపు సొమ్ములో నుండి మొట్టమొదట అదే చెల్లించవలెను. తుక్కు ఎక్కడ పుట్టినదో కాగితము చూపమని అడిగే కొనుగోలుదారులు పెరుగుతున్న ఈ రోజులలో ఆ పుస్తకమే మనకు పత్రము.

తిరిగి వడికిన నూలుతో దుప్పట్లు, జంపఖానాలు నేయదలచినవారు మొదట ఒక బీముకు సరిపడా మాత్రమే తెచ్చి, పేకలో వేసి చూడవలెను. ఉతికి, ఎండబెట్టి, లాగి చూచిన తరువాతనే బజారుకు పంపవలెను. చీటీ మీద 'తిరిగి వడికిన నూలు' అని స్పష్టముగా రాయవలెను. షోలాపురం చద్దరుకు, తువ్వాలుకు దేశమంతటా ఉన్న పేరు తరతరాల నేతగాండ్రు సంపాదించినది. దానిని ఒక మాట దాచి పోగొట్టుకొనరాదు. షాడీ అనే మాటకు పట్టిన గతి మన బట్టకు పట్టకూడదు.

ఈ విషయమును రాబోయే సర్వసభ్య సమావేశములో చర్చకు పెట్టవలెనని సంఘముల పెద్దలకు మా మనవి. యంత్రము ధర ఎంత అని అడగక ముందు, మన ఊరిలో నెలకు ఏ రకము తుక్కు ఎంత తేలుతున్నదని అడగండి. మూడు నెలలు తూచి చూడండి. ఆ అంకెలు చేతిలో ఉన్న సంఘముతో మిల్లువాడు బేరమాడే తీరు వేరుగా ఉంటుంది.